తూకానికి పోయిన సర్వర్

నేను తెలివితక్కువవాడినని ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకు పెద్దగా సిగ్గు లేదు. మొదట్లో ఉండేది. మా కాలేజీలో కొత్తగా చేరిన ప్రతి రీసెర్చ్ స్కాలర్‌కూ మొదటి రోజే ఎవరో ఒకరు ఈ కథ చెప్పేస్తున్నారు. రెండో రోజు ఆ పిల్లో పిల్లాడో నా గది గుమ్మంలో నిలబడి, "అన్నా, సర్వర్‌ను కాంటా మీద పెట్టింది మీరేనా?" అని అడుగుతారు. అవునని చెప్పీ చెప్పీ అలిసిపోయాను. పైగా ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్ళు మసాలా దట్టిస్తున్నారు. మొన్న ఒకతను నేను సర్వర్‌ను ఎడ్లబండి మీద తీసుకెళ్ళానన్నాడు. అది పచ్చి అబద్ధం. స్కూటీ మీద తీసుకెళ్ళాను.

అందుకని జరిగింది జరిగినట్టు నేనే రాసేస్తున్నాను. ఇందులో ఒక సర్వనాశనం ఉంది, దానికి పూర్తి బాధ్యుడిని నేనే. నవ్వుకోండి. మధ్యలో ఎక్కడైనా జాలి వేస్తే మాత్రం దాచుకోకండి, నాకు ఈ మధ్య అది దొరకడం లేదు.

మాది వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ. మొదటి అంతస్తులో, ఏసీ ఎప్పుడూ ఆపని ఒక చిన్న గదిలో, నల్లటి ఇనుప బీరువా ఒకటి ఉంది. అందులో పట్టుచీరల దుకాణంలో మడతల్లా ఒకదాని మీద ఒకటి పదహారు కంప్యూటర్లు. ఒక్కొక్కదాన్ని నోడ్ అంటాం. వాటికి బ్యాంకులూ పెద్ద కంపెనీలూ వాడే రకం లినక్స్. మామూలు కంప్యూటర్ ఏళ్ళ తరబడి చేయాల్సిన లెక్కను ఇవి ముక్కలుగా పంచుకుని, క్షణక్షణం ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ, రోజుల్లో చేసేస్తాయి. ఇందులో ఒక చిక్కు ఉంది. లెక్క చేస్తున్న నోడ్లలో ఏ ఒక్కటి మాట్లాడటం మానేసినా మిగతావి కాసేపు ఎదురుచూసి, పనంతా అక్కడే పారేసి లేచిపోతాయి. మన కమిటీ మీటింగులు ఇంతకంటే గట్టివి. అక్కడ సగం మంది నిద్రపోయినా తీర్మానం అయిపోతుంది.

ఎవరి లెక్క ఏ నోడ్ల మీద నడవాలో చెప్పే షెడ్యూలర్, ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే కంపైలర్లు, నోడ్లు మాట్లాడుకోవడానికి కావలసిన లైబ్రరీలు, వీటన్నిటికీ కాపలాదారుని నేను. పేరు శ్రీనివాస్. అందరికీ శ్రీనన్న.

ఆ యేడు దసరా అయ్యాక పాత లినక్స్ తీసి కొత్తది ఎక్కించాను. అంతే, బీరువాలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం మానేశారు. కంపైలర్ లైబ్రరీని గుర్తుపట్టదు. లైబ్రరీ నెట్‌వర్క్ కార్డును గుర్తుపట్టదు. షెడ్యూలర్ నన్ను కూడా గుర్తుపట్టదు. ఇరవై రోజులు అదే తంతు. ఇంటికొచ్చి కంచం ముందు కూచుని ఎర్రర్ మెసేజ్‌లు నెమరేసుకునేవాడిని.

"ఏందిరా, బువ్వ తినవు, నీలో నువ్వే గులుగుతానవ్?" అంది అమ్మ.

"మిషన్ నడుస్తలేదమ్మా."

"ఎన్ని దినాల సంది?"

"ఇరవై."

"మా సాంచ ఇరవై దినాలు ఆగితే సేటు మమ్ములనే ఆపేటోడు."

సాంచ అంటే మరమగ్గం. అమ్మ ఇరవై ఏళ్ళు మరమగ్గాల కార్ఖానాలో చేసింది. యంత్రాల విషయంలో నా డిగ్రీ మీద ఆమెకు ఎప్పుడూ గురి లేదు. నా మొహం ఒకసారి చూసి, మేడారం ఎటుందో అటు తిరిగి, చేతులు జోడించింది.

"సమ్మక్క తల్లీ, సారలమ్మ తల్లీ, నా కొడుకు మిషన్ ఆగకుంట నడిస్తే, మిషన్ ఎత్తు బంగారం పెడ్త."

మా వైపు వాళ్ళు కానివారు కంగారు పడకండి. మేడారంలో బంగారమంటే బెల్లం. మొక్కుకున్న మనిషిని కాంటా మీద కూచోబెట్టి, ఆ బరువుకు సరిపడా బెల్లం తల్లులకు ఇస్తారు. మా వాడలో ఒకాయన జబ్బు తగ్గిన తన కుక్కకు కూడా ఎత్తు బంగారం ఇచ్చాడు. కుక్క కాంటా మీద చాలా మర్యాదగా కూచుందట. కాబట్టి కంప్యూటర్‌కు మొక్కడం మా ఇంట్లో ఎవరికీ వింతగా తోచలేదు.

మర్నాడు మధ్యాహ్నం సర్వర్ నడిచింది. అప్పటికి ఇరవైసార్లు చూసిన ఫైల్లోనే ఒక్క లైను తప్పుంది, దిద్దాను. ఘనత ఎవరిదన్న విషయంలో మా ఇంట్లో ఏకాభిప్రాయం ఉంది. నన్ను అడగలేదు, అంతే.

అప్పటినుంచి నాకు కొమ్ములు మొలిచాయి. ఆ కొమ్ములతో నేను మొట్టమొదట పొడిచింది స్రవంతి మేడంని.

స్రవంతి పీహెచ్‌డీ చివరి యేడులో ఉండేది. గట్టి వాన పడి ఊరి చెరువులు నిండితే ఏ కాలనీలోకి ఎన్ని గంటల్లో ఎంత నీళ్ళు వస్తాయో ముందే చెప్పే లెక్క ఆమెది. పుస్తకాల్లోంచి ఎంచుకున్న విషయం కాదు. ప్రతి వానాకాలం వాళ్ళింట్లో బియ్యం డబ్బాలు మంచాల మీదికి ఎక్కుతాయి. ఆ లెక్క ఎనిమిది నోడ్ల మీద పద్నాలుగు రోజులు ఆగకుండా నడవాలి. అయ్యాక ఒక శనివారం రివ్యూ కమిటీ. ఆ రోజు ఫలితం చూపించలేకపోతే గడువు తీరిపోతుంది, నాలుగేళ్ళ చదువు గాలిలో కలుస్తుంది.

మొదలుపెట్టే ముందు నా దగ్గరికి వచ్చింది.

"శ్రీనన్నా, డిస్క్‌ల జర జాగ ఇయ్యరాదే. లెక్క ఎక్కడిదాక అచ్చిందో ఆరు గంటలకోపాలి రాసిపెట్టుకుంట. మధ్యల ఆగితే ఆడికెంచే మల్ల మొదలువెట్టొచ్చు."

"ఆగితే గదా మేడం? నా సర్వర్ ఆగదు."

"కరెంటు పోతే?"

"యూపీఎస్ ఉంది."

"యూపీఎస్ పోతే?"

"జనరేటర్ ఉంది."

"జనరేటర్ గూడ పోతే?"

"నేనున్న గదా!"

"నా ఫికరంత అదేనన్నా," అంది.

నేను అది హాస్యమనుకున్నాను. జాగా మాత్రం ఇవ్వలేదు. ఆమె ఇంకా రెండు అడిగింది. కొత్త కంపైలర్ వేయమని నాలుగు నెలలుగా అడుగుతోంది. తన కుర్చీకి ఒక చక్రం లేదు, లెక్క కుడివైపుకు ఒరిగి చేయాల్సి వస్తోంది. రెండిటికీ కలిపి "చూద్దాం మేడం" అన్నాను. ప్రభుత్వాలు ఏళ్ళు పట్టి నేర్చుకునే ఆ మాట నాకు పుట్టుకతో వచ్చింది.

నాలుగు రోజులు పోయాక డిస్క్ తనిఖీ చేస్తుంటే స్రవంతి పేరు మీద 'అక్క పెండ్లి' అని ఒక ఫోల్డర్ కనిపించింది. చాలా లావుగా ఉంది.

"ఏంది మేడం ఇది?"

"మా అక్క పెండ్లి వీడియోలన్నా. డ్రోన్‌తోని తీసిండ్రు. ఇంట్ల కంప్యూటర్‌ల పడ్తలేవు. జర పదిహేను దినాలు ఉండనియ్యి."

"గింత పెద్ద సర్వర్ మీద పెండ్లి వీడియోలా? రేపు సీమంతం గూడ పెడ్తవా?"

"గప్పటికి ఇంకో డిస్క్ కొనుండ్రి."

చెరిపేద్దామనుకున్నాను. కానీ ఆ పెళ్ళికి నేనూ వెళ్ళాను. మటన్ చాలా బాగుంది. విశ్వాసం అడ్డొచ్చి వదిలేశాను.

ఇక అసలు సోమవారానికి వద్దాం. స్రవంతి లెక్క పదకొండో రోజులో ఉంది. రివ్యూ ఆ శనివారమే. మేడారం జాతర దగ్గరపడుతోంది, రద్దీ పెరగకముందే ఆదివారం వెళ్ళొద్దామని అమ్మ నిర్ణయించింది. పొద్దున్నే టీ గ్లాసు నా చేతికిచ్చి అడిగింది.

"మిషన్ బరువెంత?"

"బీరువతోని కలిపి నాలుగు క్వింటాళ్ళు ఉంటది."

అమ్మ అక్కడే పీట మీద కూలబడింది. మొక్కేటప్పుడు ఆమె మనసులో మిషనంటే కుట్టుమిషనంత ఉన్నట్టుంది.

"అండ్ల ఎన్నున్నయ్?"

"పదహారు."

"ఒక్కటి ఆగితే మిగిలినయి నడుస్తయా?"

"నడువయమ్మా. ఒక్కటి ఆగితే అన్నీ ఆగినట్టే."

"గట్లయితే ఒక్కటున్నా అన్నీ ఉన్నట్టే. ఒక్కదాన్ని తూయి."

ఇంత చక్కటి తర్కం మా సెమినార్లలో కూడా వినలేదు. దయచేసి నేనన్న మాట గుర్తుపెట్టుకోండి. ఒక్కటి ఆగితే అన్నీ ఆగినట్టే. నేను మాత్రం రెండు గంటల్లో మర్చిపోయాను.

"తూసుడెందుకు, పుస్తకంల రాసుంది. పద్దెనిమిది కిలోలు."

"పుస్తకంల బరువు పుస్తకానికే. కిలో తక్కువైతే తల్లులకు నువ్వు జవాబు చెప్తవా? కాంటా మీద కూసోవెట్టాలె."

కాలేజీకి వెళ్ళి షెడ్యూలర్‌ను అడిగాను. స్రవంతి లెక్క తొమ్మిది నుంచి పదహారు దాకా ఉన్న నోడ్ల మీద నడుస్తోంది. ఏడో నోడ్ ఖాళీ. మంచిది. ఏడో నోడ్‌కు ఎవరికీ పని ఇవ్వొద్దని షెడ్యూలర్‌కు చెప్పి, కమాండ్ కొట్టి దాన్ని ఆపేశాను. ఇంతవరకూ నేను చేసినదంతా పాఠ్యపుస్తకంలో వేసుకోవచ్చు. తర్వాత కుర్చీలోంచి లేచాను. లేవకుండా ఉండాల్సింది.

బీరువా ముందు నిలబడి పైనుంచి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... ఏడు. దినపత్రిక పైనుంచి చదువుతాం, పెళ్ళి భోజనాల మెనూ పైనుంచి చదువుతాం, నోడ్లు మాత్రం ఎందుకు కాదు? ఎందుకంటే బీరువా బిగించిన ఇంజనీర్ నంబర్లు కిందినుంచి వేశాడు. ఈ రంగంలో అందరూ అలాగే వేస్తారు. ఆ సంగతి నాకూ తెలుసు. పరీక్షలో అడిగితే మార్కులు వచ్చేవి. నోడ్ల మీద అంటించాల్సిన నంబరు చీటీలు మూడేళ్ళుగా నా సొరుగులో ఉన్నాయి, చాలా అందంగా ప్రింటు తీసినవి.

పైనుంచి ఏడోది, కిందినుంచి పదోది. అంటే స్రవంతిది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. దాని మీద పచ్చ లైటు మిలమిలలాడుతోంది. ఆపేసిన నోడ్‌కు లైటెందుకని ఒక క్షణం అనిపించింది. పొయ్యి ఆర్పాక నిప్పులు ఉండవా, ఇదీ మెల్లగా చల్లారుతుందిలే అనుకున్నాను. వైర్లు పీకేశాను. ఫ్యాన్లు పెద్దగా నిట్టూర్చి ఆగిపోయాయి. పడుకున్న దానికి ఫ్యాన్లు ఎందుకు తిరుగుతున్నాయని మెదడు అడగాలి. నా మెదడు అప్పటికే బెల్లం దుకాణానికి వెళ్ళిపోయింది. నేను వెనక బయల్దేరాను.

నోడ్‌ను చెద్దర్‌లో చుట్టి, స్కూటీ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని, హనుమకొండ బజారులో సాంబయ్య సేటు దుకాణానికి చేరాను. జాతర సీజన్, వరుస పెద్దదే ఉంది. నా వంతు వచ్చింది.

"సేటూ, ఎత్తు బంగారం తూకం."

"ఎవలది? పిలగాండ్లదా?"

"సర్వర్‌ది."

"ఏ హోటల్‌ల చేస్తడు? రమ్మను, వచ్చి కూసుంటడు."

చెద్దర్ విప్పాను. సేటు కళ్ళద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

"గిదేందయ్యా, వెనకటి వీసీఆరా?"

"కంప్యూటర్ సేటూ. పెద్ద పెద్ద లెక్కలు చేస్తది."

"గంత పెద్ద లెక్కలు చేసేదానికి దాని బరువు దానికి ఎర్క లేదా?"

వరుసంతా నవ్వింది. నా వెనక మనవరాలిని ఎత్తుకున్న ఒక ముసలామె మాత్రం నవ్వలేదు. ముందుకు వచ్చి నోడ్‌ను భక్తిగా తాకి కళ్ళకద్దుకుంది.

"ఏమని మొక్కిండ్రు బిడ్డా?"

"ఆగకుంట నడవాలని, అవ్వా."

"మరి నడుస్తాందా?"

వేలాడుతున్న వైరు సాకెట్ల వైపు చూశాను. "ఇయ్యాల సెలవు మీదుందవ్వా," అన్నాను.

సేటు దాని నుదుటిన, అంటే ముందువైపు ఎక్కడ జాగా దొరికితే అక్కడ, పసుపు రాసి బొట్టు పెట్టాడు. కాంటా పద్దెనిమిది కిలోల రెండు వందల గ్రాములు చూపించింది. "తల్లులకాడ తక్కువ చెయ్యొద్దు, పద్దెనిమిదిన్నర వేస్త," అన్నాడు. తృప్తిగా జేబులోంచి ఫోన్ తీశాను. సైలెంట్‌లో ఉంది. స్క్రీన్ నిండా మిస్డ్ కాల్స్, ఒకదాని మీద ఒకటి, మా బీరువాలో నోడ్లలాగే. ఇంతలో మళ్ళీ మోగింది. మా హెడ్ సార్.

"శ్రీనివాస్, ఎక్కడున్నవయ్యా?"

"బజార్ల ఉన్న సార్."

"స్రవంతి లెక్క ఆగిపోయింది. పదో నోడ్ జవాబిస్తలేదని వస్తాంది. పోయి చూస్తే ఏముంది, బీరువల సందు ఉంది, నోడ్ లేదు! దొంగలు పడ్డరేమో, పోలీసులకు ఫోన్ చేస్తాన."

"వద్దు సార్! నోడ్ నా దగ్గర్నే ఉంది."

"నీ దగ్గర ఏం చేస్తాంది?"

"తూకం అయిపోయింది సార్. తీసుకస్తాన."

సార్ ముప్పై ఏళ్ళుగా పాఠాలు చెబుతున్నారు. రకరకాల సాకులు విన్నారు. ఇది మాత్రం ఆయన జాబితాలో లేనట్టుంది.

"జాగ్రత్తగ పట్టుకరా," అని మాత్రం అన్నారు.

తిరుగుదారిలో నాకు బజారు కనిపించలేదు. పదో నోడ్, పదో నోడ్ అని ఒక్క మాటే చెవిలో. ఏడు ఎట్లా పదైందో హంటర్ రోడ్డు దాకా వచ్చాక తట్టింది. బండి పక్కకు ఆపాను. కాళ్ళ దగ్గర బొట్టు పెట్టుకుని నోడ్ ప్రశాంతంగా ఉంది.

సర్వర్ గదిలో స్రవంతి ఉంది. ఏడవడం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"ఏడోదనుకొని పదోది పీకినవా అన్నా?"

"పైకెల్లి లెక్కవెట్టిన మేడం."

"పైకెల్లి అచ్చేది వరద. నోడ్ నంబర్ కాదు. లైట్ ఎలుగుతలేదా?"

"ఎలిగింది."

"మరి?"

"సల్లారుతాందనుకున్న."

ఆమె నోడ్ మీది పసుపు వైపు చూసింది. "ఎంతుంది?"

"ఏంది?"

"బరువు."

"పద్దెనిమిది కిలోల రెండు వందలు."

"నా పదకొండు దినాలు గూడ అండ్లనే కలిసినయా?"

ఆమె వెళ్ళి తన మూడు చక్రాల కుర్చీలో కూచుని ఏదో టైప్ చేసుకోసాగింది. నేను పసుపు తుడిచి, నోడ్‌ను దాని స్థానంలో పెట్టి, సొరుగులోంచి చీటీలు తీసి పదహారింటికీ అంటించాను. మూడేళ్ళు ఆగిన పని ఆరు నిమిషాల్లో అయింది.

ఇంట్లో అమ్మకు చెప్పాను. విని విని చివరికి అంది, "నేను మొక్కిందే మిషన్ ఆగొద్దని గదరా. మొక్కు తీర్చెటందుకు నువ్వు మిషన్నే ఆపితివా?"

నేను చెద్దర్ మడతపెట్టసాగాను.

"సాంచ బందు చేసినంక గూడ మేము చెయ్యి పెట్టి చూసి గాని వంగేటోళ్ళం కాదు. ఆగిందా లేదా మిషన్ చెప్పాలె. మనం అనుకుంటె కాదు. ఆ పిల్ల ఏమన్నది?"

"ఏమనలే."

"అయితే ఏదో అనుకుంటాంది," అంది అమ్మ. ఈ మాట నేను పట్టించుకోలేదు. నేను పట్టించుకోని మాటలన్నిటికీ ఒక పుస్తకం వేయొచ్చు.

మంగళవారం చూస్తే స్రవంతి లెక్క మళ్ళీ నడుస్తోంది. శనివారానికి నాలుగు రోజులుంది, పద్నాలుగు రోజుల పనిని మొదటినుంచి మొదలుపెట్టింది పిచ్చి పిల్ల! పరుగెత్తాను.

"మేడం, ఎనిమిది కాదు, పదహారు నోడ్లూ తీసుకోండి. అందరినీ ఆపేస్త."

"వద్దన్నా, ఎనిమిదే ఉండనియ్యి."

"మరి నేనేం చేయాలె?"

"గా కొత్త కంపైలర్ ఉంటే జర మంచిగుండు."

నాలుగు నెలలు "చూద్దాం" అన్న కంపైలర్ ఆ సాయంత్రానికి తయారు. బుధవారం పొద్దున ఇంకో లైబ్రరీ అడిగింది, మధ్యాహ్నానికి ఎక్కించాను. ఎక్కిస్తూ ఉండగా ఆమె కుర్చీ కిర్రుమంది. నా గదిలోంచి నా కుర్చీ తెచ్చి ఆమెకిచ్చాను. వీపుకు మెత్త, చేతులకు ఆసరా, ఐదు చక్రాలూ ఉన్న కుర్చీ. అల్లం టీ పూటకు రెండుసార్లు నేనే మోసుకొచ్చాను. మధ్యలో హెడ్ సార్ దగ్గరికి వెళ్ళి రివ్యూ వాయిదా వేయమని బతిమాలాను.

"కారణం ఏమని రాయాలె? సర్వర్ మొక్కు తీర్చుకోను పోయిందనా?" అన్నారు సార్.

నేనే కమిటీకి ఉత్తరం రాశాను. మొదటి చిత్తులో 'సాంకేతిక కారణాల వల్ల' అని ఉంది. సాంకేతికానికి ఇందులో ఏ పాపమూ లేదని కొట్టేశాను. రెండో చిత్తులో 'సాంస్కృతిక కారణాల వల్ల' అని ఉంది. మరీ సభా ప్రారంభంలా ఉందని చించేశాను. మూడోదాంట్లో 'నా వల్ల' అని రాశాను. అది పట్టుకుని బుధవారం సాయంత్రం స్రవంతి దగ్గరికి వెళ్ళాను.

"మేడం, శనివారం నేను గూడ కమిటీ ముందటికి అస్త. తప్పు నాదని నిలబడి చెప్త. నీ చదువు నా వల్ల పోతే నేను ఇగ ఈ గదిల కూసోలేను."

ఆమె ఉత్తరం చదివింది. నోరు తెరిచింది. ఏదో చెప్పబోయి, నా కుర్చీ చేతుల మీద చేతులు సర్దుకుని, మళ్ళీ మూసేసింది.

"రేపు చూద్దామన్నా," అంది.

నా మాటే నాకు ఇంత చేదుగా ఉంటుందని అప్పుడు తెలిసింది.

గురువారం భోజనాలయ్యాక స్క్రీన్ చూస్తే ఆమె లెక్క జాబితాలో లేదు. మళ్ళీ చచ్చిందనుకున్నాను. వివరాలు తెరిచాను. 'పూర్తయింది' అని ఉంది. కళ్ళు నులుముకుని ఇంకోసారి చూశాను. పద్నాలుగు రోజుల లెక్క మూడు రోజుల్లో! కొత్త కంపైలర్ మహిమ అనుకుని, నా ప్రతిభకు నాకే ఒళ్ళు పులకరించి, పరుగున వెళ్ళాను.

"మేడం! ఎట్లయింది?"

"ఆగిన కాడికెంచి మొదలువెట్టిన గదన్నా."

"ఆగిన కాడ ఏముంది? రాసిపెట్టుకునే జాగనే నేను ఇయ్యకపోతిని!"

"ఇయ్యకపోతివి. గందుకే మా అక్కకు రెండోపాలి పెండ్లి చేసిన."

అప్పుడు వెలిగింది. నోడ్ మీద కాదు, నా నెత్తిలో. 'అక్క పెండ్లి' ఫోల్డర్‌లో ఉన్నది డ్రోన్ వీడియోలు కావు. ఆరు గంటలకోసారి రాసిపెట్టుకున్న లెక్క. పెళ్ళయి రెండు నెలలైనా వీడియోలు రోజూ ఎందుకు పెరుగుతున్నాయని అడగాల్సినవాడిని నేను మటన్ గుర్తుచేసుకుంటూ కూచున్నాను. నేను ఏ సోమవారం ఆమె బతుకు ముంచాననుకున్నానో, ఆ సోమవారమే ఆమె టైప్ చేసిన ఒక్క లైనుతో లెక్క ఆగినచోటు నుంచి లేచి నడిచింది.

"మరి ఆ మాట ముందుగాల చెప్పొచ్చు గదా మేడం? మూడు దినాలు నాకు బువ్వ సయించలే!"

"చెప్తే కంపైలర్ అస్తుండెనా అన్నా?"

"రాకపోతుండె."

"కుర్చీ?"

"రాకపోతుండె."

"మరి?"

శనివారం కమిటీ ముందు స్రవంతి ఊరి పటం మీద నీళ్ళు ఎక్కడెక్కడికి పాకుతాయో చూపించింది. వాళ్ళ వీధి కూడా ఉంది అందులో, మోకాలి లోతు. కమిటీ ఒప్పుకుంది. నా ఉత్తరం చదవాల్సిన అవసరం రాలేదు. ఆదివారం అమ్మా నేనూ మేడారంలో పద్దెనిమిదిన్నర కిలోల బంగారం సమర్పించాం. దండం పెట్టి లేస్తూ అమ్మ అంది, "సూసినవా, నువ్వు ఆపినా ఆగలే." ఈ విషయంలో కూడా మా ఇంట్లో ఏకాభిప్రాయం ఉంది. ఈసారి నాతో కలిపి.

కాబట్టి సభాముఖంగా, ఆ పద్దెనిమిదిన్నర కిలోల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా సర్వర్ ఆగదన్న మాట ఇక ఈ నోటితో పలకను. చెయ్యి పెట్టి చూడకుండా ఏ యంత్రం వైరూ పీకను, మా ఇంటి మిక్సీతో సహా. ఎవరి పెళ్ళి ఫోల్డరూ చెరపను, మటన్ బాగా లేకపోయినా సరే. ఇక ముందు మొక్కుకోవలసి వస్తే తేలికైన వస్తువుకే మొక్కమని అమ్మకు చెప్పాను. పెన్‌డ్రైవ్ చూపించాను కూడా.

అయితే నేనూ మనిషినే. స్రవంతి ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్‌లోనే అసిస్టెంట్ ప్రొఫెసర్. కొత్త స్కాలర్లకు మొదటి రోజే ఈ కథ చెబుతున్నది ఎవరో మీరు ఊహించే ఉంటారు. ఎడ్లబండి కూడా ఆమె కల్పనే. ఎవరి లెక్క పూర్తయినా ఆ సంగతి చెబుతూ షెడ్యూలర్ వాళ్ళకు ఒక మెయిల్ పంపుతుంది, అందరికీ ఆ నిమిషంలోనే. ఒక్క పేరుకు మాత్రం ఆ మెయిల్ సరిగ్గా మూడు రోజులు ఆగి వెళ్ళేట్టు నేను చిన్న ఏర్పాటు చేశాను. లెక్కకు ఏ నష్టమూ లేదు. ఫలితం డిస్క్‌లో భద్రంగానే ఉంటుంది. అయిందో లేదో అన్న బెంగ మాత్రం మూడు రోజులు, నేను పడ్డంత, ఒక్క గంట ఎక్కువ కాదు.

ఈ మధ్యే ఆమెకు అర్థమైంది. గుమ్మంలో వచ్చి నిలబడింది.

"శ్రీనన్నా, లెక్క సోమవారమే అయిపోయిందట! మెయిల్ గురువారం అస్తాంది. ముందుగాల చెప్పొచ్చు గదా?"

నేను ఆమె పాత మూడు చక్రాల కుర్చీలో కుడివైపుకు ఒరిగి కూచునే, మెల్లగా అడిగాను.

"చెప్తే నా కుర్చీ వాపసు అస్తదా మేడం?"

ఇది జరిగి వారమైంది. కుర్చీ ఇంకా రాలేదు. ఆమెకు మెయిల్ కూడా ఇంకా మూడు రోజులు ఆగే వెళుతోంది.